గోల్‌కీపర్‌కు సొంతూరు ఎందుకుండదు?

పీటర్ తంగరాజ్ ఆడిన జట్ల పేర్లు వరసగా రాసి చూడండి. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్, సర్వీసెస్, మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగాల్ రాష్ట్ర జట్టు. వీటికి భారత జట్టు అదనం. బూట్లు విప్పాక శిక్షణ ఇచ్చిన చోట్లు వేరే ఉన్నాయి: గోవాలో వాస్కో, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, చివరికి బొకారో. ఇంత పొడవు జాబితాలో హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల వాటా మొదటి రెండు పేర్లే. 1935 డిసెంబరు 24న హైదరాబాద్‌లో పుట్టిన మనిషి 2008 నవంబరు 24న బొకారోలో కన్నుమూశాడు. ఈ రెండు తేదీల మధ్య ఒలింపిక్స్ ఉన్నాయి, ఏషియాడ్ స్వర్ణం ఉంది, 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అన్న పేరుంది, 1967 అర్జున అవార్డు ఉంది. సొంతూరి పెద్ద జట్టు మాత్రం లేదు. ఇలాంటి జాబితాను చూడగానే మనకు రెండే రెండు ఆలోచనలు వస్తాయి. ఎక్కడా కుదురుకోలేనివాడని ఒకటి, ఎవరు ఎక్కువిస్తే వాళ్ల వెంట వెళ్లినవాడని ఇంకొకటి. రెండూ తప్పేనని నా వాదన. గోల్‌కీపర్ ఊళ్లు తిరగడం అతని గుణం వల్ల జరిగేది కాదు. అతను నిలబడే చోటు అలాంటిది. దానికి తోడు, మన జంట నగరాల్లో ఫుట్‌బాల్‌ను పోషించిన పద్ధతి ఆ తిరుగుడును తప్పనిసరి చేసింది.

ముందు చోటు సంగతి. మైదానంలో పదకొండు మంది ఉంటారు గానీ, వాళ్లలో పదిమంది కొంతవరకు అటూ ఇటూ సర్దుకోగలరు. కుడి వింగ్ నిండిపోతే ఎడమకు మారొచ్చు, ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి మిడ్‌ఫీల్డ్‌లో ఆడించొచ్చు. చివరి ఇరవై నిమిషాలకు దింపి పేరు తెచ్చుకునే అవకాశమైనా ఇవ్వొచ్చు. గోల్‌కీపర్‌కు అదేమీ లేదు. ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న ఆ చట్రం ముందు నిలబడేది ఒక్కడే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఆటలో అక్షరాలా వర్తించేది ఇక్కడే. పైగా ఆ ఒక్కడూ ఓ పట్టాన కదలడు. పరుగు మీద బతికే ఆటగాడు ముప్పై దాటితే మందగిస్తాడు. కీపర్ అప్పటికే కదా అసలు పని నేర్చుకునేది. ఇటలీ కెప్టెన్ డీనో జోఫ్ 1982 ప్రపంచకప్ ఎత్తేసరికి నలభై ఏళ్లవాడు. ఈజిప్టు కీపర్ ఎసామ్ ఎల్ హదారీ 2018 ప్రపంచకప్‌లో నలభై అయిదేళ్ల వయసులో పెనాల్టీ ఆపాడు. ముందున్నవాడు పదిహేనేళ్లు కదలకపోతే వెనకున్నవాడు ఏం చేయాలి? బెంచీ మీద ముసలివాడు కావాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఇంగ్లండ్‌లో జాన్ బరిడ్జ్ అనే కీపర్ ఇరవై తొమ్మిది క్లబ్బులు మారాడు. 1995లో నలభై మూడేళ్ల వయసులో మాంచెస్టర్ సిటీ తరఫున ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడాడు. జర్మనీవాడు లుట్జ్ ఫానెన్‌స్టీల్ ఫిఫా విభాగాలు ఆరింటిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడి, ఆ ఘనత సాధించిన మొదటివాడిగా నిలిచాడు. వీళ్లకు ప్రతిభ చాలలేదని తేల్చేయడం సులువే. కానీ ఇన్నేళ్లపాటు ఇన్ని క్లబ్బులు ఒక మనిషికి జీతమిచ్చి పిలిచాయంటే, ప్రతి ఊళ్లోనూ ఎవరికో ఒకరికి అతని అవసరం పడిందన్నమాట. చోటు దొరకని నైపుణ్యం చోటు వెతుక్కుంటూ వెళ్లింది, అంతే.

ఇక సికింద్రాబాద్ సంగతి. కంటోన్మెంటుగా పుట్టిన ఊరు ఇది. ఫుట్‌బాల్ ఇక్కడికి పటాలాలుగా, రెజిమెంట్లుగా వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ చుట్టుపక్కల కుర్రాళ్లు మొదట చూసింది సిపాయిల ఆటే. లాలాగూడ వైపు రైల్వే కార్మికులు ఆడారు. ఈఎంఈ, ఏఓసీ లాంటి సైనిక శిక్షణ కేంద్రాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. 1966లో దక్షిణ మధ్య రైల్వే కూడా ఇక్కడే వెలిసింది. చెప్పొచ్చేదేమిటంటే, ఇక్కడ జట్టు అంటే ఏదో ఒక శాఖ. కలకత్తాలో లాగా సభ్యులు చందాలు కట్టి, టికెట్లు అమ్మి, తరతరాలుగా ఒకే రంగు చొక్కాను నెత్తిన పెట్టుకునే పెద్ద క్లబ్బు మనకు ఎదగలేదు. చిన్న క్లబ్బులు ఉన్నాయి, పిల్లల్ని తయారుచేశాయి, అయితే పెద్దయ్యాక వాళ్లకు అన్నం పెట్టే శక్తి వాటికి లేదు. ఆటగాడు బతకాలంటే యూనిఫాం వేసుకోవాలి. తంగరాజ్ 1953లో, పద్దెనిమిదేళ్లయినా నిండకుండానే, సైన్యంలో చేరింది అలాంటి ఊరి నుంచి. పంపించిన చోటు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్. విచిత్రం ఏమిటంటే అక్కడ మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్. గోల్స్ కొట్టాల్సిన మనిషిని తెచ్చి పోస్టుల మధ్య నిలబెడితే, 1955లోనూ 1958లోనూ ఆ రెజిమెంటు డ్యూరాండ్ కప్పు గెలిచింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. ఆయన గోల్‌కీపర్ అయిందే వెల్లింగ్టన్‌లో అయితే, ఆ కీపర్ మీద హైదరాబాద్‌కు హక్కేమిటి? నిజమే, హక్కు పూర్తిగా లేదు. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలం. ఫార్వర్డ్‌గా పనికొస్తాడని తీసుకున్నవాడిని ఎత్తు చూసి, చేతులు చూసి మార్చగలిగే తీరిక, మార్చాక తప్పులు చేస్తుంటే ఓర్చుకునే ఓపిక జీతమిచ్చే సంస్థకు ఉంటాయి. పద్దెనిమిది మందితో టోర్నమెంటు నుంచి టోర్నమెంటుకు నెట్టుకొచ్చే గల్లీ క్లబ్బుకు ఉండవు. ఆరడుగుల మూడంగుళాల మనిషిలోని కీపర్‌ను కనిపెట్టడం ఒక ఖర్చు. ఆ ఖర్చు సైన్యం పెట్టింది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును మరిచిపోయారా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. డ్యూరాండ్ కప్పునూ ఇంటికి తెచ్చింది. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు హైదరాబాద్ రాష్ట్ర జట్టువి. సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు తయారుచేసిన నూర్, లతీఫ్, అజీజ్, జుల్ఫికర్ లాంటివాళ్లు భారత జట్టుకు ఆడారు. ఆ తరంలో ఒలింపిక్ జట్టంటే సగం హైదరాబాదే అన్నంతగా ఉండేది. కాబట్టి ఊళ్లోనే ఉండి, ఊరికి ఆడి, దేశానికి ఆడే దారి ఒకటి ఉన్నమాట వాస్తవం. అయితే ఆ దారి వెడల్పు ఎంత? పోలీసు జట్టు ఎంత గొప్పదైనా దానికీ గోల్‌పోస్టుల ముందు చోటు ఒకటే. నలుగురు మంచి డిఫెండర్లు ఒకే ఏడు పుడితే నలుగురూ పోలీసుల్లో ఆడొచ్చు. నలుగురు మంచి కీపర్లు పుడితే ముగ్గురు రైలెక్కాలి. ఊరి మీద ప్రేమ ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఖాళీ ఉందా లేదా అన్నదే లెక్క. నిలకడను మనం వ్యక్తి సుగుణంగా పొగుడుతాం కానీ, చాలాసార్లు అది అతని స్థానంలో ఎన్ని కుర్చీలున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

ఖాళీ ఉన్నా అందరూ ఆగలేదు మరి. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం సిటీ పోలీస్‌కు, హైదరాబాద్‌కు ఆడి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వేకు మారాడు. 2023 ఫిబ్రవరిలో పోయేదాకా బెంగాల్‌లోనే బతికాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన మనిషి ఆయన. అక్కడ భారత్ ఆడిన మూడు మ్యాచుల్లోనూ అవతలి కొసన వల కాసింది తంగరాజ్. హంగరీ చేతిలో 2-1తో ఓడారు, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు, పెరూతో 3-1తో ఓడారు. బలరాం కథ చెప్పి, కీపర్లే కాదు ఫార్వర్డులూ వెళ్లారు కదా, మరి మీ కుర్చీల లెక్క ఏమైంది అంటారేమో. వెళ్లడంలో తేడా ఉంది. బలరాంకు ఇక్కడ చోటుంది, అక్కడ ఇంకా పెద్ద చోటు రమ్మంది. తంగరాజ్‌కు ఇక్కడ అన్నం పెట్టే జట్టులో చోటు దొరికిన దాఖలానే లేదు. ఒకరిది ఎంపిక, ఇంకొకరిది అనివార్యం. జనం మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టి, డబ్బు కోసం కలకత్తా పోయారనేశారు.

ఆ డబ్బు సంగతి కూడా తేల్చుకోవాలి. అప్పట్లో భారత ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ ఆట. క్లబ్బు బాహాటంగా జీతం ఇవ్వదు. ఏదో కంపెనీలోనో రైల్వేలోనో ఉద్యోగం చూపిస్తుంది, లేదా చాటున చేతిలో పెడుతుంది. సైన్యం నుంచి బయటికొచ్చిన ఒక కీపర్‌కు పాతికేళ్ల వయసులో చేతిలో ఉన్న పెట్టుబడి అతని చేతులే. మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడింటిలోనూ ఆడాడంటే కొందరికి విశ్వాసం లేనట్టు కనిపించొచ్చు. కలకత్తా మైదాన్‌లో ఈ మూడూ ఒకదానికొకటి ఎంత పగవాళ్లో తెలిసినవాళ్లకు అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం ఇంకొకటి కనిపిస్తుంది. మూడు శత్రుశిబిరాలూ వంతులవారీగా ఒకే కాపలాదారుణ్ని నమ్మాయి. నిన్నటిదాకా ఎదుటివాళ్ల వల కాచినవాణ్ని తెచ్చి మన వల అప్పగించడానికి చాలా నమ్మకం కావాలి.

అసలు ఆసియాలో అత్యుత్తముడైన వాణ్ని పట్టుకుని బరిడ్జ్‌తో, ఫానెన్‌స్టీల్‌తో ఒకే బండి ఎక్కించడం అన్యాయమని కొందరికి అనిపించొచ్చు. పరీక్షకు ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, సామాన్య కీపర్ ఊళ్లు తిరిగితే ప్రతిభ చాలకే అని కొట్టిపారేయొచ్చు. శిఖరం మీదున్నవాడూ తిరిగాడంటే కారణం ప్రతిభలో లేదని ఒప్పుకోక తప్పదు. ఆయన శిఖరం ఎంత ఎత్తో 1962 జకార్తా చెబుతుంది. ఆ ఏషియాడ్‌లో తంగరాజ్‌కు ఫ్లూ తగిలింది. సెమీఫైనల్ దాకా లాక్కొచ్చిన జట్టుకు ప్రద్యుత్ బర్మన్ కీపర్‌గా ఉన్నాడు, బాగానే ఆడాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, లీగ్ దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధి తప్పుపట్టారన్న కోపంతో స్టేడియంలో లక్షమంది దాకా మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ రోజు భారత జట్టు కోచ్ రహీం మాస్టారు బర్మన్‌ను కూర్చోబెట్టి, జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను దింపారు. తల మీద కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపారు.

రహీం లెక్క ఏమిటో ఊహించడం కష్టం కాదు. కార్నర్ పడ్డప్పుడు గోల్ ముందు ఆరు గజాల లోపల ఏం జరుగుతుందో గమనించండి. ఎనిమిది తొమ్మిది మంది భుజాలు ఒరుసుకుంటూ నిలబడి ఉంటారు. బంతి వంపు తిరుగుతూ వస్తుంది. కీపర్‌కు అరక్షణం. గీత మీదే ఉండిపోవాలా, ముందుకురికి అందుకోవాలా? ముందుకు అడుగేశాక మనసు మార్చుకునే వీలుండదు, వెనక వల ఖాళీ. పొట్టి కీపర్ ఆ గుంపులోకి దూరాలి. ఆరడుగుల పైచిలుకు కీపర్ చేతులు చాస్తే ఎంత ఎగిరినవాడి తలకైనా మూరెడు పైన బంతి దొరుకుతుంది. ఒకసారి రెండుసార్లు అలా అందుకున్నాడంటే, ఎదుటి జట్టు గాల్లోకి కొట్టడం మీదే ఆశ వదులుకుంటుంది. అంటే మంచి కీపర్ ఆపిన షాట్లు లెక్కలోకి వస్తాయి గానీ, అతన్ని చూసి ఎదుటివాడు కొట్టకుండా మానేసినవి ఏ పుస్తకంలోనూ ఎక్కవు. పి.కె.బెనర్జీ, జర్నైల్ మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టారు. కొరియాకు ఒక్క గోల్ దక్కింది, అదీ ఆట అయిదు నిమిషాల్లో ముగుస్తుందనగా. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం లేదు. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సర్‌తో వెళ్లిపోయారు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక తంగరాజ్ పేరు కూడా కొత్త తరం నోట పలికింది. ఊరు చెప్పుకోవాల్సిన మాటను హిందీ సినిమా చెప్పాల్సి వచ్చింది.

అయినా ఊరు పోగొట్టుకున్నది పతకాల్లో వాటాను అనుకుంటే అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఆయన 1971లో ఆట విడిచాక జరిగింది. గోల్‌కీపింగ్ చేతి నుంచి చేతికి అందే విద్య. పుస్తకం చదివి డైవ్ నేర్చుకోలేరు. పడేటప్పుడు మోచేయి ఎక్కడుండాలి, ఒంటరిగా దూసుకొచ్చే ఫార్వర్డ్‌కు ఎన్ని అడుగులు ఎదురెళ్లాలి, డిఫెండర్‌ను ఎప్పుడు కేకేయాలి, ఇవన్నీ పక్కన నిలబడి వందలసార్లు చేయించేవాడు ఉండాలి. ఫార్వర్డ్‌కు ఆ అవసరం ఇంతగా లేదు. గల్లీలో పదిమందితో ఆడుతూ డ్రిబ్లింగ్ పట్టేసినవాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది. గల్లీలో కీపర్‌గా నిలబెట్టేది ఎవరిని? ఆట రానివాణ్ని, లేదా చిన్నవాణ్ని. ఆ స్థానానికి గురువు లేకపోతే పరంపరే లేదు. తంగరాజ్ నేర్చుకున్నదంతా గోవా పిల్లలకు, అలీగఢ్ విద్యార్థులకు, బొకారో ఉక్కు నగరం అకాడమీ కుర్రాళ్లకు అందింది. వాళ్లకు అందినందుకు సంతోషమే. కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో ఫార్వర్డుల, హాఫ్‌బ్యాక్‌ల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగేవాళ్లు కూడా కీపర్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు తడుముకుంటారో ఇక్కడ కొంత తెలుస్తుంది. ఆయన తిరిగి రావచ్చు కదా అనడం తేలిక. వచ్చి ఏ ఉద్యోగంలో చేరాలి? బొకారోలో ఒక ఉక్కు కర్మాగారం శిక్షకుడికి జీతం, నీడ ఇచ్చింది. ఆ మాట ఇక్కడి నుంచి ఎవరన్నారు?

ఇదంతా పాత కాలం, ఇప్పుడు కాంట్రాక్టులు వచ్చాయి, ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, ఊరి పేరుతోనే క్లబ్బులున్నాయి కదా అంటే, లక్ష్మీకాంత్ కట్టిమణి దగ్గరికి రావాలి. గోవా కీపర్. డెంపోలో, ఎఫ్‌సీ గోవాలో ఆడాడు. 2015 డిసెంబరు 20, ఫతోర్దా స్టేడియం, లీగ్ ఫైనల్, ప్రత్యర్థి చెన్నయిన్. మ్యాచ్‌లో ఓ పెనాల్టీని ఆపాడు గానీ తిరిగొచ్చిన బంతిని కొట్టినవాడే గోల్ చేశాడు. అయినా గోవా 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. తొంభయ్యో నిమిషంలో కట్టిమణి పేరు మీద సొంత గోల్, రెండు నిమిషాల తర్వాత మెండోజా గోల్, కప్పు చెన్నైకి. సొంత ఊరి జనం ముందు జరిగింది ఇది. ఫార్వర్డ్ తొమ్మిది అవకాశాలు పాడుచేసి పదోది కొడితే హీరో. కీపర్ తొమ్మిది ఆపి పదోది వదిలితే వీడియోలో మిగిలేది ఆ పదోదే. తర్వాత గోవాలో కుర్ర కీపర్లు ముందుకొచ్చారు. 2019లో కట్టిమణి కొత్తగా పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. పుణె క్లబ్బు మూతపడితే దాని చోటులో వెలిసిన జట్టది. తొలి ఏడు అట్టడుగున నిలిచింది.

2022 మార్చి 20, మళ్లీ ఫతోర్దా, మళ్లీ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టాక 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. 1-1తో షూటౌట్ దాకా వెళ్లింది. మొదట లెస్కోవిచ్ కొట్టిన బంతిని కట్టిమణి ఆపాడు. తర్వాత నిషు కుమార్‌ది ఆపితే, కీపర్ గీత దాటాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. రెండోసారీ ఆపాడు. ఆపై జీక్సన్ సింగ్‌దీ ఆపాడు. 3-1తో హైదరాబాద్ చాంపియన్. ఆరేళ్ల కింద తనను కుంగదీసిన మైదానంలోనే, ఆ ఊరివాడే, ఇంకో ఊరి చొక్కా వేసుకుని చేసిన పని ఇది. ఆ రోజు హైదరాబాద్ మొదటి పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. కోవిడ్ వల్ల సీజనంతా గోవాలోనే జరిగింది కాబట్టి, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ అయినా చూడకుండానే మన ఊరు కప్పు గెలిచింది. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు, అద్దె చొక్కాల విజయమని. తంగరాజ్ మోహన్ బగాన్ చొక్కాలో, ఈస్ట్ బెంగాల్ చొక్కాలో ఆడినప్పుడు బెంగాలీలు అలా అనుకుని ఉంటే మనం నొచ్చుకుంటాం. మన కుర్రాడు బయట గెలిస్తే మనవాడు, బయటివాడు మనకోసం గెలిస్తే కిరాయివాడు అనడం కుదరదు.

కాంట్రాక్టు రోజుల్లో నిలకడ వస్తుందన్న వాదన మాత్రం ఆ కప్పు తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక చిక్కుల్లో పడింది, జీతాలు ఆగాయి, ఆటగాళ్లు చెదిరిపోయారు, యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయింది. తంగరాజ్ కాలంలో ఊరు మారింది ఆటగాడొక్కడే. ఇప్పుడు జట్టే ఊరు మారుతోంది. ఇవాళ తిరుమలగిరిలో ఆరడుగులు దాటుతున్న ఒక పదహారేళ్ల కీపర్‌కు మనం చూపించగల దారులు డెబ్భై ఏళ్ల కింద తంగరాజ్ ముందున్నవే: సైన్యం, రైల్వే కోటా, లేదా రైలు. అతను ఏది పట్టుకున్నా, పదేళ్ల తర్వాత అతని జట్ల జాబితా చూసి కుదురులేనివాడని రాసే ముందు, మొదటి పేరుకూ రెండో పేరుకూ మధ్య ఎవరు ఏం ఇవ్వలేకపోయారో అది కూడా పక్కన రాయాలి.